కుట్టుకు వదిలిన అరరోజు

బ్లాకులు రావడం లేదని
ఫ్యాక్టరీ వారం రోజులు మూసేశారు.
కోత మిషన్ల మోత లేక
చీమకుర్తిలో మొదటి రాత్రి
కుక్కలు కూడా సరిగా నిద్రపోలేదు.

పక్కింటి ఖాజావలి వ్యాను ఇస్తానన్నాడు.
డీజిలు మీది, టైర్ల పాపం నాది అన్నాడు.
పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి
మాల్యాద్రీ నేనూ, ఏడు రోజులు.

నేను జాకెట్లు కుడతాను.
గుడ్డ పరిచినట్టు పరిస్తే గాని నాకు లెక్క తెగదు.
కటింగు బల్ల మీద సుద్దతో ఏడు గళ్ళు గీశాను.
ఇప్పుడు చెప్పు, ఏ ఊరికెంత?

మార్కాపురం ఒక పూట, అన్నాడు.
పొద్దస్తమానం రాయే గదా, ఇంకా రాయేనా?
అది వేరే రాయి. పొరలుగా లేస్తుంది.
మాది మొండిది, కోస్తే గాని మాట వినదు.
సరే, పూట.

కంభం చెరువుకి రెండు రోజులు.
చెరువుకి రెండు రోజులా!
కట్ట మీద ఆ చివరికి నడవాలి, మళ్ళీ రావాలి.
అది గంట పని.
కూర్చోవాలి గదా, అన్నాడు.

ఉదయగిరి కొండెక్కడానికి ఒక రోజు,
కాళ్ళ నొప్పులకి ఒక రోజు.
ఇందుకూరుపేటలో మా పిన్ని ఇంట్లో రెండు రాత్రులు,
ఎందుకంటే చేపల పులుసుకి
మర్నాడు గాని రుచి తేలదు.
ఆ మధ్యలో మైపాడు, నా సముద్రం.
సూళ్ళూరుపేట అవతల కొంగలకి ఒకటి.
తిరుగు దారికి ఒకటి.

కూడితే ఎనిమిదిన్నర.
మా గిరాకీలూ ఇంతే,
ఎనభై సెంటీమీటర్లు తెచ్చి
బుట్ట చేతులు అడుగుతారు.

తడిచేత్తో తుడిచి మళ్ళీ రాశాను.
ఉదయగిరికి ఒకటి కోశాను, కాళ్ళ నొప్పులు వ్యానులోనే పడదాం.
తిరుగు దారికి సగం చాలు.
కంభానికి చెయ్యి సాగలేదు.
సగమే వినపడే చెవులతో మనిషి కూర్చోవాలంటే
ఎంతని కోస్తాం? ఒకటిన్నర.

ఇంకా ఒక అరగడి మిగిలింది.
ఇదెవరిది? అన్నాడు సుద్ద అందుకుంటూ.
కుట్టుది. ముట్టుకోకు.
అరంగుళం వదలకుండా కత్తిరిస్తే
ఊపిరి పీల్చిన చోట పిగులుద్ది.

పొదిలికి మేం ఏమీ రాయలేదు.
టీ అని కూడా రాయలేదు.
సరిగ్గా అక్కడే క్లచ్ ప్లేటు పోయింది.
సామాను ఒంగోలు నుంచి బస్సులో రావాలంట.
షెడ్డు బెంచీ మీద ఆయన నిద్రపోయాడు.
మెకానిక్ పెళ్ళాం నా పనేందో కనుక్కుని
కూతురి స్కూలు గౌను తెచ్చింది, జేబు ఊడింది.
సూదీ దారం ఆమెవే.
బస్సొచ్చేసరికి
కుట్టు, దాంతోపాటు కుట్టుకు వదిలిన అరరోజు,
రెండూ అయిపోయాయి.

కంభంలో కట్ట మీద రెండో సాయంత్రం
ఉష్ష్, అన్నాడు. ఏదో వినపడతావుంది.
ఏంది?
నీళ్ళు రాయిని నాకుతున్నాయి.
నాకేమీ వినపడలేదు, పక్కన పిల్లలు అరుస్తున్నారు.
మూడో రోజు కూడా ఉన్నాం.
ఎన్ని గళ్ళు దాటామో నేను అడగలేదు.

ఉదయగిరి మేం ఎక్కలేదు.
కాసేపు అదే వ్యానుతో పాటు వచ్చి
ఒక మలుపు దగ్గర ఆగిపోయింది.

ఇందుకూరుపేటలో మొదటి రాత్రే మేస్త్రీ ఫోను,
బ్లాకులొచ్చాయి, రమ్మని.
తెల్లారకముందే మైపాడులో పాదాలు తడుపుకున్నాం,
చీకట్లో సముద్రం ఉందని మోతను బట్టే తెలిసింది.
పిన్ని పులుసు క్యారియరులో పోసింది.
మర్నాటి రుచి మాకు కావలి దాటాక తెలిసింది,
హైవే పక్కన, లారీల దుమ్ములో, మూత కంచంగా.
కొంగల రోజు మాతో రానేలేదు,
ఇంట్లో బల్ల మీదే ఉండిపోయింది.

సైరన్ కూసింది, ఆయన వెళ్ళాడు.
నేను బల్ల మీద ఎవరిదో ఆకుపచ్చ పట్టు పరిచి కోశాను.
తిప్పి చూస్తే వెనకపక్క
తల్లకిందులుగా అచ్చు పడి ఉంది,
కంభం, ఒకటిన్నర.

సాయంత్రానికి ఇవ్వాలి.
దులిపాను.